బావి పాటకి అయిదో మెట్టు

మా ఆయన మేనత్త ఇస్త్రీ చేసుకుంటూ పాడే పాట ఒకటుండేది. బావులు తవ్వేవాడొకడు పెళ్ళాన్ని బావిలోకి దించి తాడు వదిలేసిన పాట. అంత ఘోరాన్ని ఆవిడ చొక్కా కాలర్లు సరిచేసుకుంటూ, మధ్యమధ్యలో "ఆ నీళ్ళ చెంబు ఇటు జరపరా" అంటూ చల్లగా పాడేసేదట. నేను ఆవిడ నోట వినలేదు. నా పెళ్ళయ్యేసరికే ఆవిడకి ఆయాసం పట్టుకుంది, నిరుడు పోయింది. నాకు ఆ పాట తెలిసిందల్లా మా ఆయన నోటి నుంచే. అదీ సగం.

నాది గిటార్ల రిపేరు షాపు. కింద షాపు, పైన ఇల్లు, మధ్యలో చెక్క పలకల కప్పు. పైన చెంచా కింద పడితే కింద నా బల్ల మీద దుమ్ము రాలుతుంది. మా ఆయన కళ్ళజోళ్ళ కొట్టులో అద్దాలు సానబడతాడు. పని నుంచి రాగానే నా బల్ల పక్కన స్టూలు లాక్కుని, టీ తాగుతూ ఆ పాట కూనిరాగం తీస్తాడు. నేను చేతిలో ఉన్న పని పక్కనపెట్టి గిటారు మీద దానికి కార్డులు, అంటే పాట కింద కలిపి మీటే స్వరాలు, వెతుకుతాను. పెళ్ళయిన కొత్తలో మొదలైన అలవాటు. వేరేవాళ్ళు సినిమాకి వెళ్తారు, మేము ఆ పెళ్ళాన్ని బావిలోకి దించుతాం.

ఆయన సగం దాకా పాడి, తాడు దగ్గరికి వచ్చి ఆగిపోతాడు. "తర్వాత ఏదో చొక్కా గొడవ వస్తుంది, గుర్తులేదు" అంటాడు. "సగం పాట, సగం టీ, సగం మనిషి" అని నేను విసుక్కుంటాను. ఆయన నవ్వేసి ఊరుకుంటాడు.

ఆ తాడు వదిలే లైను దగ్గరే నాకూ ఆగిపోయేది. "చెయ్యి వదిలె, తాడు వదిలె, చెప్పకుండ వదిలెనమ్మా" అని, చివర్లో గొంతు పైకెక్కుతుంది. దాని కింద ఏ కార్డు పెట్టినా నప్పేది కాదు. డి మైనర్ పెడితే చంపినవాడి వీపు నిమిరి ఓదారుస్తున్నట్టు ఉండేది. ఎఫ్ పెడితే ఎవరికో లాటరీ తగిలినట్టు ఉండేది. ఇ పెడితే పోలీసులు వస్తున్నారని ముందే చాటింపు వేసినట్టు ఉండేది. నేను తిట్టుకునేదాన్ని, ఆయన మళ్ళీ మొదటి నుంచి పాడేవాడు. నిజం చెప్పాలంటే ఆ కార్డు దొరక్కపోయినా నాకు పెద్ద బాధ లేదు. అది దొరికితే సాయంత్రాలు ఏం చేస్తాం?

అలా ఉండగా ఒకరోజు రేడియోలో పనిచేసే అమ్మాయి తన తమ్ముడి గిటారు రిపేరుకి తెచ్చింది. మేము కింద పాడుకుంటుంటే గుమ్మంలో నిలబడి వింది. వాళ్ళకి ఇళ్ళల్లో పాడుకునే పాత పాటల కార్యక్రమం ఒకటుంది, అక్కడికక్కడే పాడాలి, రికార్డింగు ఉండదు. "రండి, కానీ పాట పూర్తిగా ఉండాలి. గది చిన్నది, రెండే కుర్చీలు" అంది.

నాకు గాలిలో తేలినట్టయింది. రెండు కుర్చీలు అంటే ఇంకెవరివి? ఒకటి నాది, ఒకటి ఆయనది. ఆ పాట మా ఇద్దరిది. ఊరు వినాలంటే మా ఇద్దరి దగ్గరే వినాలి.

మా ఆయన ఏమన్నాడో తెలుసా? "నా గొంతు రేడియోలోనా? జనం సెట్లు పగలగొట్టుకుంటారు. పాట మొత్తం వచ్చింది హారన్‌కి ఒక్కదానికే. అది పాడుతుంది, నువ్వు వాయించు."

హారన్ అంటే ఆ మేనత్త కూతురు. మా ఆయనకి మరదలు, నాకు చెల్లెలు వరస. పుట్టినప్పటి నుంచీ గొంతు పెద్దదని ఆయన పెట్టిన పేరు. పెద్దయ్యాక డ్రైవింగ్ స్కూల్లో కార్లు నేర్పే ఉద్యోగంలో చేరి పేరు నిలబెట్టుకుంది. చిన్నప్పుడు వీళ్ళిద్దర్నీ చూసి పెద్దవాళ్ళు మొగుడూ పెళ్ళాం అని ఆటపట్టించేవాళ్ళట. ఆ ముక్క నాకు పెళ్ళిలోనే ముగ్గురు చెవిలో ఊదారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాం? కానీ ఆ మాట అప్పటి నుంచీ పంటి కింద రాయిలా అలాగే ఉంది.

హారన్ వచ్చి మా షాపులో స్టూలు మీద కూర్చుంది. ఆయన స్టూలు మీద. "అక్కా, అమ్మ ఎలా పాడేదో అలాగే పాడతాను, నువ్వు ఆపొద్దు" అని మొదలుపెట్టింది.

పాట మొత్తం నేను మొదటిసారి విన్నది అప్పుడే. బావి లోతుగా వెళ్ళాక వాడు అడుగున తవ్వుతుంటాడు. పైన వాడి పెళ్ళాం, తోటి కూలీ కలిసి మట్టి తట్టలు లాగుతుంటారు.

"మాటలన్నీ పైన ఆగె, నవ్వు ఒకటే దిగివచ్చె
బావి అడుగున ఉన్నవాడి గుండెలోన గుచ్చుకునె"

మర్నాడు వాడు "నీళ్ళు పడ్డాయి, నువ్వే ముందు చూడాలి" అని పెళ్ళాన్ని బొక్కెనలో దింపుతాడు. ఆ పిచ్చిది సంబరంగా దిగుతుంది.

"ముడి గట్టిదా అన్న మాట మాటవరసకైన లేదు
కట్టినవాడు మొగుడే కదా, కాలు పెట్టె బొక్కెనలో"

తర్వాత తాడు వదిలే లైను. ఆ తర్వాతే చొక్కా గొడవ. ఆ పెళ్ళాం మొగుడి కోసం దొంగచాటుగా చొక్కా కుడుతోంది. కుట్టు చేతకాదు. తోటి కూలీ ఏడుస్తూ ఆ చొక్కా తెచ్చి వాడికి చూపిస్తాడు.

"ఒక చెయ్యి పొడుగాయె, ఒక చెయ్యి పొట్టాయె
చొక్కా చూసి నవ్వితిమయ్యా, నిన్ను చూసి కాదయ్యా"

మళ్ళీ ఆ తాడు లైనుతోనే పాట అయిపోతుంది.  హారన్ గొంతులో ఏదో ఉంది, ఒప్పుకోక తప్పదు. గట్టి గొంతే, కానీ చివరి మాట దగ్గర పలచబడి, పాత బట్టలా మెత్తబడుతుంది. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నేళ్ళలో నేను ఎన్ని కార్డులు మార్చినా ఆయన కంట తడి రాలేదు. నాకు కడుపు మండిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. హారన్ రోజూ మధ్యాహ్నం రావడం మొదలుపెట్టింది. పాఠాలకి మధ్యలో ఖాళీ అట. మా ఆయన కూడా షిఫ్టు మార్చుకుని ఆ వేళకే ఇంట్లో ఉండేవాడు. "పాట సాధన చేస్తాం, నీ పని చెడగొట్టడం ఎందుకు, పైన కూర్చుంటాం" అని ఇద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. నేను కింద అతికించిన చెక్కలు జిగురు బిగిసేదాకా నొక్కి పట్టుకుని కూర్చునేదాన్ని. పైన ఏవో మాటలు, గొణుగుడు, ఒక ముక్క పాట. మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. ఉన్నట్టుండి హారన్ పగలబడి నవ్వేది. ఆ వెనకే ఆయన నవ్వు. నా బల్ల మీద దుమ్ము రాలేది.

పాటలోవాడికీ నాకూ పోలిక ఉందని నాకు తెలియదనుకోకండి. తెలుసు. కానీ వాడు మూర్ఖుడు, నేను కాదు అనుకున్నాను. వాడికి అనుమానం. నాకు అనుమానం కాదు, ఒళ్ళుమంట. వాళ్ళ మధ్య ఏదో ఉందని నేను ఏనాడూ అనుకోలేదు. నా సగం పాటని పైకి తీసుకెళ్ళి, తలుపు వేసుకుని, మొత్తం చేసుకుని నవ్వుకుంటున్నారు. అదే నా బాధ. దానికి ఏ పేరు పెడతారో మీ ఇష్టం.

"ఏంటంత నవ్వు?" అని ఒకసారి అడిగాను.

"ఏం లేదు" అన్నాడు మా ఆయన, మీసం కింద నవ్వు దాచుకుంటూ.

ఏం లేదు అన్న మాట కంటే ఒళ్ళు మండించే మాట ఇంకోటి లేదు.

ఇప్పుడు కేపో సంగతి చెప్పాలి. గిటారు మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీల్ని మెట్లంటాం. కేపో అంటే మెడ మీద బిగించే చిన్న బిగింపు. అది ఒక్కో మెట్టు పైకి జరిపినకొద్దీ శ్రుతి పెరుగుతుంది. వేళ్ళు అవే, కార్డులు అవే, పాట మాత్రం పైకి వెళ్తుంది. పాడేవాళ్ళ గొంతుకి తగ్గట్టు దాన్ని పెట్టడం వాయించేవాళ్ళ పని. మొదటిరోజు విన్నప్పుడే నాకు తెలిసిపోయింది, హారన్‌కి రెండో మెట్టు సరిపోతుంది. మూడోది కష్టం. అయిదోది పెడితే "వదిలెనమ్మా" దగ్గర గొంతు పట్టేస్తుంది.

నేను అయిదో మెట్టు మీద పెట్టాను.

ఆ రోజు సాయంత్రం కింద ముగ్గురం కూర్చుని వాయించి చూశాం. హారన్ అంతా బాగానే పాడుకొచ్చి తాడు లైను దగ్గర చటుక్కున తెగిపోయింది. దగ్గింది. నీళ్ళు తాగి మళ్ళీ పాడింది. మళ్ళీ తెగింది.

"కొంచెం దించితేనో?" అన్నాడు మా ఆయన.

"దించితే కుదరదు" అన్నాను, తీగ తుడుస్తూ. "కింద తీగ మోగుతూనే ఉండాలి. ఆ మోత ఇక్కడే వస్తుంది. ఈ పాట ఇక్కడే ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు."

పచ్చి అబద్ధం. గిటార్ల గురించి నేను చెప్పిన మాటకి మా ఇంట్లో ఎదురు లేదు. కళ్ళద్దాల గురించి ఆయన మాటకి ఎలాగో, ఇదీ అంతే.

"అక్క చెప్పిందంటే అంతే. తప్పు నాదే, సాధన చాల్లేదు" అంది హారన్.

అది అలా అనేసరికి నాకు కొంచెం ఇదిగా అనిపించింది. కానీ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ పైనుంచి నవ్వులు దిగాయి. ఆ ఇది కాస్తా పోయింది.

రోజులు గడిచేకొద్దీ హారన్ గొంతు బాగుపడలేదు సరికదా, ఇంకా పాడయింది. పట్టేస్తుందేమో అన్న భయంతో ఆ లైను రాకముందే బిగుసుకుపోయేది. మెడకి గుడ్డ చుట్టుకుని తిరిగింది. కారు నేర్చుకునేవాళ్ళని అరవడం మానేసిందట, ఒకడు ఆనందంతో స్వీట్లు పంచాడట. ఆ సంగతి కూడా అదే చెప్పి నవ్వింది, గొంతు రాసుకుంటూ. నేను ఉప్పునీళ్ళు పుక్కిలించమని సలహా ఇచ్చాను. కేపో మాత్రం జరపలేదు.

కార్యక్రమం రోజు వచ్చింది. నేను గిటారు పెట్టెతో రేడియో వాళ్ళ మేడ దగ్గర దిగాను. గోడలకి మెత్తటి అట్టలు కొట్టిన గది, మధ్యలో రెండు కుర్చీలు, రెండు మైకులు, తలుపు మీద ఎర్ర లైటు. ఒక కుర్చీలో మా ఆయన కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో, చెమటలు కక్కుతూ.

"హారన్ ఏది?"

"పొద్దున ఫోన్ చేసింది. తన వల్ల కాదట. నన్ను పాడమంది."

"మీరా? మీకు సగమే కదా వచ్చు?"

ఆయన నేల చూపులు చూశాడు. "మొత్తం వచ్చు. ఇన్నాళ్ళూ పైన నేర్చుకుంటున్నది అదే కదా. సగం పాట, సగం మనిషి అంటావుగా. ఒకరోజు నీ దగ్గర కూర్చుని మొత్తం పాడేసి నీ నోరు మూయిద్దామనుకున్నాను. నేను పాడుతుంటే అది ఒకటే నవ్వు. కప్పకి జలుబు చేసినట్టుంది బావా అంటుంది. నాకూ నవ్వొచ్చేది."

 ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. ఆ చొక్కా నాకోసం కుడుతున్నదే. పైకప్పులోంచి మాటలు దిగలేదు, నవ్వు దిగింది, నేను దాంతోనే పాటలోవాడిలా ముడి వేశాను.

గిటారు తీశాను. కేపో ఇంకా అయిదో మెట్టు మీదే ఉంది. గబగబా దాన్ని వదులు చేయబోయాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అదేంటి, మార్చకు! ఈ పాట ఇక్కడే ఉంటుందన్నావుగా. నేనూ ఇక్కడే నేర్చుకున్నాను. గొంతు చించుకున్నాననుకో. నీ మోత పోకూడదు."

దించాలంటే ఎందుకు దించుతున్నానో చెప్పాలి. మరదలికి దించనిది మొగుడికి ఎందుకు దించావంటే ఏం చెప్పను? నోరు తెరిచాను. గది గోడకున్న అద్దం అవతల నుంచి ఆ రేడియో అమ్మాయి వేలు పైకెత్తింది. ఎర్ర లైటు వెలిగింది.

ఆయన పాడాడు. అద్దాలు సానబట్టే మనిషి, చేతిపనికి వంక పెట్టలేరు గానీ గొంతు మాత్రం నిజంగానే జలుబు చేసిన కప్పే. అయినా నిజాయితీగా పాడుతున్నాడు. బావి తవ్వాడు, మట్టి లాగాడు, నవ్వు విన్నాడు. ముడి సంగతి అడగకుండా ఆ పిచ్చిది బొక్కెనలో కాలు పెట్టింది. తాడు లైను వచ్చింది. ఆయన మెడ చాచి, కళ్ళు మూసుకుని పైకెక్కాడు. "వదిలెనమ్మా" దగ్గర గొంతు రెండుగా చీలిపోయింది. ఊరు ఊరంతా వింటుండగా. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు తెరిచి నా వైపు చూశాడు, తప్పు తనదే అన్నట్టు.

అచ్చం హారన్ చూసినట్టే.

నా వేళ్ళు వాటంతటవే వాయించుకుపోతున్నాయి. నా లోపల మాత్రం ఏడుపు. చొక్కా చరణం నడుస్తోంది. అది అయితే మళ్ళీ అదే లైను, మళ్ళీ అదే పైమెట్టు, మళ్ళీ అదే చీలడం. కేపో మధ్యలో జరపడానికి లేదు. నాకు చేతనైంది ఒకటే కనిపించింది. "నిన్ను చూసి కాదయ్యా" అని ఆయన అనగానే తీగల మీద అరచెయ్యి పెట్టి మోత చంపేసి, చెయ్యి తీసేశాను.

గదిలో ఒక్కసారిగా ఏమీ లేదు. ఆయన తడబడ్డాడు. నేను కళ్ళతోనే పాడమన్నాను. పట్టుకోవడానికి గిటారు లేకపోయేసరికి ఆయన గొంతు దానంతట అది కిందికి దిగింది. నా బల్ల పక్కన టీ గ్లాసు పట్టుకుని కూనిరాగం తీసే చోటికి దిగింది. "చెయ్యి వదిలె, తాడు వదిలె, చెప్పకుండ వదిలెనమ్మా." ఎక్కడా చీలలేదు. ఇన్నేళ్ళు వెతికిన కార్డు అదే. అక్కడ ఏ కార్డూ ఉండకూడదు.

అద్దం అవతల అమ్మాయి లైటు ఆపడం కూడా మర్చిపోయి కూర్చుంది. బయటికి వచ్చాక "భలే పట్టావు, ఆ లైను" అన్నాడు మా ఆయన. దారి పొడుగునా అదే మాట. నేను ఊఁ కొడుతూ నడిచాను.

మర్నాడు మధ్యాహ్నం హారన్ షాపుకి వచ్చింది. మెడకి గుడ్డ లేదు. స్టూలు మీద కూర్చుని, నా బల్ల మీది తీగ ముక్కలు ఒక్కొక్కటే ఏరి కుప్ప పెట్టింది.

"నిన్న పాఠం మధ్యలో కారు పక్కకి ఆపించి విన్నానక్కా. నేర్చుకునేవాడు స్టీరింగ్ పట్టుకుని బొమ్మలా కూర్చున్నాడు."

"ఎలా ఉంది?"

"బావ గొంతు ఎక్కడ పోయిందో, నాదీ అక్కడే పోయేది. సరిగ్గా అక్కడే. చివర్లో నువ్వు వాయించడం ఆపేశావు చూడు, అప్పుడు హాయిగా పాడేశాడు."

నేను జిగురు డబ్బా మూత బిగించాను. అది బిగిసే ఉంది.

"నా గొంతు పోయిందనుకున్నాను" అంది. ఇంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "డాక్టరుకి చూపించుకున్నాను. లైటు వేసి చూసి ఏమీ లేదన్నాడు. ఐతే పాటే నా దగ్గర ఉండనంటోంది, అమ్మతోనే పోయింది అనుకున్నాను. ఏడ్చాను కూడా. శ్రుతి సంగతి అడగాలని తట్టనే లేదు. పెట్టింది నువ్వు కదా." ఏరిన తీగ ముక్కల కుప్పని పక్కకి నెట్టింది. "అది ఎవరి గొంతుకి పెట్టావక్కా?"

కింద తీగ, మోత, పాట ఉండే చోటు, అన్నీ నాలుక చివరికి వచ్చాయి. మింగేశాను.

"నీకే. నీకు అందకూడదని పెట్టాను. మీరిద్దరూ పైన నవ్వుకుంటుంటే ఓర్చుకోలేకపోయాను."

 హారన్ తిట్టినా బాగుండేది.  అది లేచి గోడకి వేలాడుతున్న నా గిటారు దించింది. ఒళ్ళో పెట్టుకుంది. అయిదో మెట్టు మీది కేపో వేళ్ళతో నొక్కి వదులు చేసి, కిందికి జరుపుతూ నా వైపు చూసింది.

"ఇక్కడా?"

"ఇంకా కిందికి. రెండో మెట్టు."

అక్కడ బిగించింది. బిగించి, వేలితో ఒకసారి లాగి చూసింది. ఇంకోసారి లాగి చూసింది. అప్పుడు గిటారు నా చేతుల్లో పెట్టి స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"వాయించక్కా" అంది. "ఈసారి ముడి నేను చూసుకున్నాను."